వరిగ మాల్ట్, జొన్న నురగ: గ్లూటెన్ లేని బీరు

బీరుకు కావలసినవి నాలుగే: నీళ్ళు, మాల్ట్, చేదునిచ్చే హాప్స్ పూలు, ఈస్ట్. చిక్కంతా మాల్ట్‌తోనే. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయిస్తే వచ్చేది మాల్ట్. తెలుగిళ్ళలో పిల్లలకు రాగిమాల్ట్ చేసే పద్ధతి ఇదే. బీరు తయారీదారులు మాత్రం సాధారణంగా రాగుల జోలికి పోరు. వారికి గింజ అంటే బార్లీ. కొన్ని రకాల్లో దానికి గోధుమ, మరికొన్నిట్లో రై తోడవుతాయి. ఈ మూడింటిలోనూ గ్లూటెన్ ఉంది. అది పడనివారికి మామూలు బీరు అర గ్లాసైనా పనికిరాదు.

గ్లూటెన్ అంటే ఏమిటో రొట్టెలు చేసేవారి చేతులకు తెలుసు. గోధుమపిండి కలిపి కాసేపు నాననిస్తే ముద్ద సాగుతుంది. అప్పడాల కర్రతో ఎంత పలచగానైనా ఒత్తవచ్చు. జొన్నపిండి ఆ మాట వినదు. వేడినీళ్ళు పోసి కలిపి, అరచేత్తో తట్టాల్సిందే. గోధుమకు ఆ సాగుడు ఇచ్చే మాంసకృత్తుల సముదాయమే గ్లూటెన్. గోధుమలో వీటి పేర్లు గ్లయడిన్, గ్లూటెనిన్. బార్లీలో వాటి దాయాది హార్డీన్, రైలో సెకాలిన్. వీటన్నిటిలోనూ ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు చాలా ఎక్కువ. ప్రోలిన్ ఉన్నచోట మన జీర్ణరసాల కత్తెర సరిగా తెగదు. దాంతో అరగని ముక్కలు చిన్నపేగు గోడ దాకా చేరతాయి. చాలామందికి దానివల్ల ఏ హానీ లేదు. హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2, డీక్యూ8 అనే జన్యురకాలు ఉన్నవారిలో కొందరికి మాత్రం శరీర రక్షణ వ్యవస్థ ఆ ముక్కల మీద విరుచుకుపడి, ఆ పోరులో పేగులోని ఆంత్రచూషకాలనే అరగదీస్తుంది. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఇది ఉందని అంచనా.

తప్పు గోధుమదని మొదట గట్టిగా పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం-కారెల్ డికె. 1944-45 చలికాలంలో, యుద్ధం మధ్యలో, ఆ దేశంలో రొట్టె దొరకని కరువు వచ్చింది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే వాళ్ళకు జబ్బూ తిరిగి వచ్చింది. డికె తన పరిశోధన గ్రంథాన్ని 1950లో సమర్పించాడు. ఇప్పటికీ దీనికి మందు లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడమే చికిత్స. భారతదేశంలో రొట్టె తినే ఉత్తరాదితో పోలిస్తే అన్నం తినే దక్షిణాదిలో ఈ జబ్బు బాగా తక్కువగా కనిపిస్తుంది. జన్యువు ఉన్నా, తినే తిండిలో గ్లూటెన్ లేకపోతే జబ్బు పైకి రాదు. అన్నం, జొన్నరొట్టె, పెసరట్టు తినే ఇంట్లో ఇది పెద్ద సమస్య కాదు. ఊరు దాటి, దేశం దాటి వెళ్ళినప్పుడే పళ్ళెంలోకీ గ్లాసులోకీ గోధుమ, బార్లీ చెప్పకుండా వచ్చి పడతాయి.

ఎంత గ్లూటెన్ ఉంటే ప్రమాదం? అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన గీత కిలోకు 20 మిల్లీగ్రాములు. దీన్నే 20 పీపీఎం అంటారు. ఆ గీత మీదే ఉన్న బీరు లీటరు తాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 మిల్లీగ్రాములు. 2007లో వెలువడిన ఒక ఇటాలియన్ అధ్యయనంలో రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్న రోగుల పేగులు దెబ్బతిన్నాయి. యాభై మిల్లీగ్రాములంటే రొట్టె ముక్క కూడా కాదు, రొట్టె పొడి. ఇంత సూక్ష్మమైన లెక్క కాబట్టే బీరు ఎలా తయారైందన్నది రుచి కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి.

గ్లూటెన్ లేని బీరు అనే పేరు కింద రెండు వేర్వేరు పానీయాలు అమ్ముడవుతున్నాయి. ఒకటి అసలు బార్లీ తగలనిది. రెండోది బార్లీతోనే చేసి, తరువాత దానిలోని గ్లూటెన్‌ను ముక్కలు చేసినది. సీసా మీద అక్షరాలు ఒకటే కావచ్చు, లోపలి కథ వేరు.

రెండోదాని పుట్టుక కాస్త తమాషాగా ఉంటుంది. బీరును బాగా చల్లబరిస్తే ఒక్కోసారి మసకబారుతుంది. హార్డీన్ ముక్కలూ పాలీఫినాల్స్ అనే పదార్థాలూ ఒకదాన్నొకటి పట్టుకుని తేలడమే ఆ మసక. దాన్ని పోగొట్టడానికి ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి తీసిన ఒక ఎంజైమ్‌ను వాడటం మొదలుపెట్టారు. మన జీర్ణరసాలు తడబడే ప్రోలిన్ దగ్గరే ఈ ఎంజైమ్ గొలుసును తెంపుతుంది. బీరు తేటపడింది. కొలిచి చూస్తే గ్లూటెన్ లెక్క కూడా పడిపోయింది. మెరుపు కోసం వేసిన మందు ఆహార నియమానికి అక్కరకొచ్చింది. బార్సిలోనాలో 2006లో మార్కెట్లోకి వచ్చిన ఎస్త్రెయా డామ్ డౌరా ఈ తరహా బార్లీ బీర్లలో బాగా పేరున్నది. తమ బీరులో గ్లూటెన్ 3 పీపీఎం కన్నా తక్కువని కంపెనీ చెబుతుంది. రుచిలో అది మామూలు స్పానిష్ లాగరే. బార్లీ నుంచి వచ్చింది కాబట్టి అందులో వింతేమీ లేదు.

సందేహమల్లా ఆ కొలత మీదే. గ్లూటెన్‌ను కొలిచే మామూలు పరీక్షకు ప్రోటీన్ మీద రెండు పట్టుకొమ్మలు కావాలి. ఎంజైమ్ దాన్ని చిన్న ముక్కలుగా కోసేస్తే రెండో కొమ్మ దొరకదు. పరీక్ష సున్నా చూపుతుంది కానీ ముక్కలు ద్రవంలోనే ఉంటాయి. ఒకే కొమ్మతో పనిచేసే ఆర్5 పోటీ పరీక్ష ఈ లోటును కొంత పూడ్చింది. అయినా ఏ ముక్క పేగును రెచ్చగొడుతుందో, ఏది ఊరుకుంటుందో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు 2012లో మాస్ స్పెక్ట్రోమెట్రీతో పలు బీర్లను పరీక్షించి, గ్లూటెన్ తక్కువని అమ్మే కొన్నిట్లో మామూలు బీర్లతో సమానంగా హార్డీన్ ఉందని చూపించారు. సీలియాక్ రోగుల రక్తంతో 2017లో చేసిన మరో పరీక్షలో కొందరి రక్తం గ్లూటెన్ తీసేసిన బీరుకు స్పందించింది, బార్లీ లేని బీరుకు స్పందించలేదు. పరీక్షించింది కొద్దిమందినే అయినా, ఖచ్చితంగా సీలియాక్ అని తేలినవారికి బార్లీ లేని బీరే సరైనదన్న వైపు మొగ్గడానికి ఆ మాత్రం చాలు.

ఇదే అనుమానం దేశాల చట్టాల్లోనూ కనిపిస్తుంది. యూరప్‌లో 20 పీపీఎం లోపు ఉంటే చాలు, బార్లీతో చేసినా గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవచ్చు. కాకపోతే అలర్జీ కలిగించే దినుసు కాబట్టి బార్లీ పేరు సీసా మీద ప్రస్ఫుటంగా ఉండాలి. అందుకే ఒకే చీటీ మీద ఆ రెండూ పక్కపక్కన కనిపించి ప్రయాణికులను తికమక పెడతాయి. అమెరికాలో బార్లీతో మొదలైన బీరుకు ఆ మాట వాడనివ్వరు. గ్లూటెన్‌ను తొలగించేలా తయారైంది అని మాత్రం రాసుకోవచ్చు. కెనడా దారి కూడా అదే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఇంకా కఠినం: పరీక్షలో గ్లూటెన్ ఆనవాలే దొరకకూడదు, బార్లీ మాల్ట్ అసలు ఉండకూడదు. బార్సిలోనాలో నిక్షేపంగా గ్లూటెన్ ఫ్రీ అనిపించుకున్న సీసాకు మెల్‌బోర్న్‌లో ఆ పేరు దక్కదు. సీసాలోని ద్రవంలో మార్పేమీ లేదు, సరిహద్దు మారిందంతే. ప్రయాణికులు గుర్తుపెట్టుకోవలసిన మాటలు స్పెయిన్‌లో సిన్ గ్లూతెన్, ఇటలీలో సెంజా గ్లూతినె, ఫ్రాన్స్‌లోనూ క్యుబెక్‌లోనూ సాఁ గ్లూతెన్, జర్మనీలో గ్లూటేన్‌ఫ్రై, ఫిన్లాండ్‌లో గ్లుతేనితోన్. సీలియాక్ ఎక్కువగా ఉన్న ఫిన్లాండ్‌లో మామూలు దుకాణాల్లోనే ఈ తరహా సీసాలు దొరుకుతాయి.

జర్మనీ చిక్కు మరో రకం. 1516 నాటి బవేరియా శాసనం నీడ ఇంకా అక్కడి బీరు మీద ఉంది. లాగర్ లాంటి అడుగున పులిసే బీర్లకు బార్లీ మాల్టే వాడాలి. అలాంటి చోటికి సీఎస్‌ఐఆర్‌ఓ మూడో దారి చూపింది. హార్డీన్‌ను దాదాపు పూర్తిగా తగ్గించేలా సంప్రదాయ సంకరణంతో కెబారి అనే బార్లీ రకాన్ని పెంచింది. దానిలో హార్డీన్ 5 పీపీఎం లోపే. ఆ బార్లీతో 2016లో జర్మనీలో పియోనియర్ అనే బీరు వచ్చింది. గింజ బార్లీయే కాబట్టి శాసనానికి అడ్డు లేదు.

బార్లీని పూర్తిగా వదిలేసినవారి కష్టం వేరు, మరింత ఆసక్తికరం. మొలకెత్తేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్‌లు పుడతాయి. ఆ ఎంజైమ్‌లు బాగా పనిచేసేది 60-65 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 70 దాటితే వాటిలో ముఖ్యమైన బీటా అమైలేజ్ చచ్చిపోతుంది. బార్లీ పిండి సరిగ్గా ఆ వేడి దగ్గరే ఉబ్బి, మెత్తబడి, ఎంజైమ్‌కు లొంగుతుంది. బార్లీ బీరుకు రాజు కావడానికి ఈ పొందిక ఒక ముఖ్య కారణం. జొన్న, వరిగ, బియ్యం అంత తేలిగ్గా లొంగవు. వాటి పిండి ఉడకడానికి 70 డిగ్రీల చుట్టుపక్కల, ఒక్కోసారి ఇంకా పైన వేడి కావాలి. అంటే గింజ మెత్తబడేసరికి ఎంజైమ్ బతికి ఉండదు. పైగా జొన్న మాల్ట్‌లో బీటా అమైలేజ్ మొదటినుంచీ తక్కువే. దీనికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. ముందు గోరువెచ్చని నీళ్ళలో మాల్ట్ పిండిని నానబెట్టి, ఎంజైమ్‌లు దిగిన పైతేటను పక్కకు వంచి దాచుకుంటారు. అడుగున మిగిలిన పిండిని సంకటిలా ఉడికిస్తారు. అది చల్లారాక దాచిన తేటను మళ్ళీ కలుపుతారు. అంత ఓపిక లేనివారు బయట నుంచి ఎంజైమ్ కొని వేస్తారు.

జొన్నతో మరో జాగ్రత్త ఉంది. పశువులున్న రైతులకు ఇది కొత్త విషయం కాదు: లేత జొన్న మేస్తే గొడ్డు చచ్చిపోతుంది. మొలకలో, లేత ఆకులో ఉండే ధురిన్ అనే పదార్థం నమిలినప్పుడు విరిగి సైనైడ్ విషాన్ని విడుదల చేస్తుంది. మొలకెత్తించిన జొన్నలో కూడా అదే ఉంటుంది. అందుకే మాల్ట్‌ను ఆరబెట్టాక మొలకనూ వేరునూ రాల్చి, చెరిగి పారేస్తారు.

నురగ సంగతి కూడా చెప్పాలి. బీరు మీద నిలబడే తెల్లటి నురగకు బార్లీలోని కొన్ని ప్రోటీన్లూ హాప్స్‌లోని చేదు పదార్థాలూ కలిసి కాపలా కాస్తాయి. జొన్న బీరులో ఆ కాపలా పలచన. పోసిన నిమిషానికే నురగ అణగిపోవడం బార్లీ లేని బీరుకు పాత గుర్తు. ఇప్పటి మంచి తయారీల్లో ఆ లోపం చాలావరకు సర్దుకుంది.

అమెరికాలో మొదటితరం బార్లీ లేని బీర్లు 2006 ప్రాంతంలో వచ్చాయి. మిల్వాకీలోని లేక్‌ఫ్రంట్ బ్రూవరీ జొన్న, బియ్యంతో న్యూ గ్రిస్ట్ చేసింది. బడ్‌వైజర్ కంపెనీ రెడ్‌బ్రిడ్జ్ అనే జొన్న లాగర్ తెచ్చింది. ఈ తరం బీర్లలో చాలావాటికి మూలం జొన్న పాకం. దాని రుచిలో పుల్లటి అంచు ఒకటి, నాలుక చివర లోహపు జాడ ఒకటి ఉంటాయి. బాగా చల్లగా ఉన్నంతసేపు అవి దాగి ఉంటాయి, గ్లాసు వేడెక్కగానే బయటపడతాయి. గ్లూటెన్ లేని బీరుకు చెడ్డపేరు తెచ్చింది ఈ తరమే. జొన్నను అనడం అన్యాయం, తప్పు పాకానిది. గింజను మొలకెత్తించి చేస్తే జొన్న ఇంత పులుపు చూపదు.

రెండోతరం తిరిగి గింజను నమ్ముకుంది. మాంట్రియల్‌లో 2011లో మొదలైన గ్లూటెన్‌బర్గ్ చిరుధాన్యాలు, బక్‌వీట్, మొక్కజొన్న, క్వినోవా, రాజగిరా గింజలను కలిపి వాడింది. 2012 వరల్డ్ బీర్ కప్‌లో గ్లూటెన్ రహిత విభాగంలోని మూడు పతకాలూ దానికే దక్కాయి. అదే 2011లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన గ్రౌండ్ బ్రేకర్ వేయించిన చెస్ట్‌నట్‌లతో, పప్పుధాన్యాలతో కూడా బీరు కాచి చూసింది. సియాటిల్‌లో 2015లో తెరుచుకున్న గోస్ట్‌ఫిష్ వరిగ, బక్‌వీట్, బియ్యం మాల్ట్‌ల మీద ఆధారపడింది. హాప్స్ దండిగా వేసే ఐపీఏ రకానికి చెందిన దాని గ్రేప్‌ఫ్రూట్ ఐపీఏలో చేదు, పుల్లని పండు వాసన ముందుకొచ్చి గింజ తేడాను దాదాపు కప్పేస్తాయి. కొలరాడోలోని గోల్డెన్ ఊరు 1873 నుంచి కూర్స్ అనే మహా బార్లీ బీరు కంపెనీ సొంత ఊరు. అక్కడే 2016లో హాలిడైలీ అనే బార్లీ రహిత బ్రూవరీ పుట్టింది. అమెరికాలో వరిగలు అన్నిటికన్నా ఎక్కువ పండే రాష్ట్రం కొలరాడోయే. అక్కడ ఇన్నాళ్ళూ పక్షుల దాణాగా పోయిన గింజ ఇప్పుడు మాల్ట్ అవుతోంది. ఆస్ట్రేలియాలో కఠిన చట్టం పుణ్యమా అని ఇంకో దారి లేదు. బల్లారట్‌లో ఓబ్రయన్, మెల్‌బోర్న్ దక్షిణాన డ్రోమానాలో టూ బేస్ బార్లీ లేకుండానే కాస్తాయి.

ఈ గింజల రుచులు వేటికవే. వరిగ మాల్ట్ మెత్తగా, బిస్కట్టు వాసనతో బార్లీకి అన్నిటికన్నా దగ్గరగా నడుస్తుంది. బక్‌వీట్ పేరులో గోధుమ ఉన్నా అది గోధుమ కాదు, గడ్డిజాతి కూడా కాదు. దానితో బీరుకు చిక్కదనమూ మట్టివాసనా వస్తాయి. బియ్యం మాల్ట్ తేలిక, దాని సొంత రుచి తక్కువ. పలచని లాగర్‌లో ఏ లోపమూ దాగదు. హాప్స్ ఎక్కువున్న ఐపీఏలోనూ, మాడేలా వేయించిన మాల్ట్ ఉన్న స్టౌట్‌లోనూ చాలా దాగుతుంది. అందుకే ఒక బ్రూవరీ పనితనం తెలియాలంటే అడగవలసింది దాని లేత రంగు బీరే.

అసలు బార్లీ లేని బీరు కొత్తదేమీ కాదు. ఆఫ్రికా ఖండం వేల ఏళ్ళుగా జొన్నతోనే కాస్తోంది: దక్షిణాఫ్రికాలో ఉమ్‌కొంబోతి, బుర్కినా ఫాసోలో డోలో, ఘనాలో పీటో. జాంబియా, జింబాబ్వేల్లో అమ్మే చిబుకు అట్టడబ్బాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది, కుదిపి తాగాలి. నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ మాల్ట్ దిగుమతి నిషేధించడంతో అక్కడి పెద్ద కంపెనీలు జొన్న వైపు మళ్ళాయి. అయితే ఫ్యాక్టరీల జొన్న లాగర్‌లో బార్లీ మాల్ట్ కొంత కలవదని నమ్మడానికి లేదు, దినుసుల పట్టీ చదవాల్సిందే. పెరూ కొండల్లో మొక్కజొన్న మొలకలతో చేసే చిచా దె హోరా ఉన్న ఇంటి ముందు కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. దానిలోనూ కొన్నిచోట్ల బార్లీ కలుపుతారు. తూర్పు నేపాల్, సిక్కింలలో తోంగ్బా అంటే పులిసిన రాగుల మీద వేడినీళ్ళు పోసి వెదురు గొట్టంతో పీల్చేది. నేపాలీలు ఆ గింజను కోదో అంటారు. హిందీలో కోదో అంటే అరికెలు. ఆ రెండింటిలో ఏదైనా గ్లూటెన్ భయం లేదు. నిజమైన ఉచ్చు ఛాంగ్ అనే పేరులో ఉంది. ఒకచోట అది రాగితోనో బియ్యంతోనో చేసినది, లద్దాఖ్‌లోనూ టిబెట్‌లోనూ మాత్రం ఎక్కువగా బార్లీది.

కోరాపుట్, బస్తర్ కొండల్లో రాగి, బియ్యంతో చేసే లందా కూడా బార్లీ లేని ఈ బీర్ల కుటుంబంలోదే. తాటికల్లు, ఈతకల్లు, మన్యపు జీలుగుకల్లు గింజ నుంచి రావు కాబట్టి వాటిలో గ్లూటెన్ ప్రసక్తే లేదు, కానీ అవి బీరు కావు. జొన్న పరిశోధనకు ప్రపంచ కేంద్రాల్లో ఒకటైన ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. అయినా హైదరాబాద్ బ్రూపబ్‌లో గ్లాసులోకి దిగేది సాధారణంగా బార్లీ, గోధుమ మాల్ట్‌ల బీరే. భారతీయ లాగర్లలో బియ్యం వాడతారని విని వాటిని సురక్షితమనుకోవడం మరో పొరపాటు. బియ్యం అక్కడ తోడు దినుసు మాత్రమే.

ప్రయాణంలో రుచి చూడటానికి తేలిక మార్గం ఫ్లైట్: నూరు, నూటయాభై మిల్లీలీటర్ల చిన్న గ్లాసులు నాలుగైదు వరసగా ఇస్తారు. లేత రంగు నుంచి ముదురుకు, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్ళాలి. మధ్యలో నీళ్ళు తాగాలి. మొదటి గుక్క చల్లగా, రెండోది కాస్త వేడెక్కాక చూస్తే గింజ గుణం తెలుస్తుంది. నోరు శుభ్రం చేసుకోమని పక్కన పెట్టే ప్రెట్‌జెల్ గోధుమతో చేసిందని మరవకూడదు. ప్రమాదం ఎక్కువగా గొట్టాల్లో ఉంటుంది. నిన్న గోధుమ బీరు పారిన కుళాయిలోంచి ఈరోజు వరిగ బీరు వస్తే పేరు ఒకటి, గ్లాసులో ఉన్నది మరొకటి. బార్లీ బీరు పులిసిన ఈస్ట్‌నే తిరిగి వాడినా అంతే. కాబట్టి బార్లీ గడప తొక్కని బ్రూవరీలో కుళాయి బీరు తాగవచ్చు. తక్కిన చోట్ల సీల్ ఉన్న సీసా, డబ్బా మేలు. బార్ దగ్గర మూడు ప్రశ్నలు అడగాలి: ఏ గింజతో చేశారు, ఇదే బ్రూవరీలో బార్లీ కూడా కాస్తారా, ఈ కుళాయికి విడి గొట్టం ఉందా. జవాబు చెప్పేవారు నసిగితే ఆ గ్లాసు వదిలేయండి.